ధనుర్వాతము: మట్టిలోని క్రిమి, నరములోని విషము

పొలములో పనిచేయువానికి గాయము క్రొత్తది కాదు. కోతలనాడు కొడవలి వ్రేలిని చీరును. దమ్ములో దిగినవాని యరికాలున తుమ్మముల్లు విరుగును. పశువులకొట్టములో పాతమేకు మడమలో దిగును. నెత్తురు తుడిచికొని, చేతికందిన మట్టియో సున్నమో యద్ది, గుడ్డపీలిక చుట్టి, మరల పనిలోనికి దిగుట మనవారి వాడుక. పెక్కుమార్లు ఆ గాయము దానంతట నదియే మానిపోవును. ఎప్పుడో యొకమారు మాత్రము, గాయము మాట మరచిపోయిన తరువాత, ఎనిమిదవ దినముననో పదియవ దినముననో, ఆ మనిషి యన్నమునకు కూర్చుండి నోరు తెరువబోయి తెరువలేకపోవును.

ఇదియే ధనుర్వాతము. మొదట దవడలు బిగిసికొనును. పిదప మెడ, వీపు, పొట్ట కొయ్యబారును. మొగము నవ్వుచున్నట్లు వంకరపోవును గాని, అది నవ్వు కాదు. ఈడ్పు వచ్చినపుడు తలయు మడమలును మాత్రమే మంచము నంటి, నడుము పైకి లేచి, దేహము ఎక్కుపెట్టిన వింటివలె వంగును. ఆ విల్లును జూచియే మన పూర్వవైద్యులు దీనికి పేరు పెట్టిరి. సుశ్రుతుని గ్రంథములో ధనుస్తంభ మను పేర ఈ రోగము చెప్పబడియున్నది. తలుపు చప్పుడైనను, దీపము దగ్గరకు తెచ్చినను ఈడ్పు మరల వచ్చును. ఇంతటి యవస్థలోను రోగికి తెలివి తప్పదు. తనకు జరుగుచున్నదంతయు వానికి తెలియుచునే యుండును. ఈ రోగమును దగ్గరనుండి చూచినవారిని బాధించు సంగతులలో నిది మొదటిది.

వైద్యులను వేలయేండ్లు తికమకపెట్టిన ప్రశ్న యొకటి యున్నది. గాయము కాలిలో నున్నది. రోగము దవడలో మొదలైనది. కాలి గాయము చీము పట్టలేదు, వాయలేదు, కొన్నిమార్లు మానియే పోయినది. మరి దవడను బిగించినదెవరు? దీనికి సమాధానము తెలిసికొన్నచో, గాయమును ఎందులకు కడుగవలయునో, టీకా ఎందులకు ముందే వేయించుకొనవలయునో, ఆలస్యమైన పిమ్మట ఎంతటి వైద్యుడైనను ఎందులకు చేతులు పిసికికొనవలసివచ్చునో, అన్నియు తెలిసినట్లే యగును.

చిటికెడు మట్టి

1884వ సంవత్సరమున ఈ ప్రశ్నకు సంబంధించిన రెండు పనులు రెండు దేశములందు జరిగినవి. ఇటలీలోని టూరిన్ నగరమున కార్లే, రట్టోనే యను నిద్దరు వైద్యులు ధనుర్వాతముతో మరణించినవాని గాయపు రసిని కుందేళ్లకెక్కించి, వానికిని అదే రోగము కలుగుట జూపిరి. జర్మనీలోని గట్టింగెన్‌లో నికోలాయర్ అనునతడు రోగిని ముట్టనేలేదు. అతడు తోటలోని చిటికెడు మట్టిని ఎలుకల చర్మముక్రింద పెట్టెను. ఎలుకలు ధనుర్వాతముతో చచ్చినవి. రోగము గాలినుండి కాదు, వాతమునుండి కాదు, మట్టినుండియే వచ్చుచున్నదని దానితో రుజువయ్యెను.

కాని మట్టిలో వేలకొలది జాతుల క్రిములుండును. వానిలో దోషి ఎవరు? దీనిని తేల్చినవాడు జపానుదేశపు కొండపల్లెలో బుట్టిన షిబసబురో కిటసాటో. 1889లో అతడు బెర్లిన్ నగరమున రాబర్ట్ కాక్ పండితుని ప్రయోగశాలలో పనిచేయుచుండెను. ఇతరులు ఈ క్రిమిని తక్కిన క్రిములనుండి విడదీయలేక విసిగిపోయిరి. కిటసాటో రసిలోని క్రిములన్నిటిని 80 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచెను. తక్కినవి చచ్చినవి, ఇది చావలేదు. పిదప గాలి తగులనీయక, హైడ్రోజన్ వాయువునడుమ దానిని పెంచెను. అప్పుడది శుద్ధముగా పెరిగెను. భూతద్దములో జూడగా సన్నని పుల్ల, కొనయందు గుండ్రని తల, అచ్చముగా డోలు వాయించు పుల్లవలె నుండెను. ఈ కిటసాటో చిత్రమునే జపాను ప్రభుత్వము 2024 జూలైలో విడుదలచేసిన వేయి యెన్నుల నోటుపై ముద్రించినది. వైద్యశాస్త్రజ్ఞునికి నోటుపై చోటిచ్చుట మెచ్చదగిన సంగతియే.

ఆ ప్రయోగములో కిటసాటో మరియొక వింత కనుగొనెను. ధనుర్వాతముతో చచ్చిన యెలుకను కోసి చూడగా, రక్తములో క్రిమి లేదు, గుండెలో లేదు, వెన్నుపాములో లేదు. క్రిమియంతయు గుచ్చినచోటనే, గోరంత మేర, నిలిచియున్నది. చంపినది క్రిమి కాదు, క్రిమి విడిచిన విషమని తేలెను. దొంగ గుమ్మము దాటి లోనికి రాలేదు. గుమ్మములోనే కూర్చుండి ఇంటినిండ పొగ పెట్టినాడు.

అంతకు ముందటి యేట, 1888లో, పారిసు నగరమున రూ, యెర్సాం అను పండితులు కంఠసర్పి, అనగా డిఫ్తీరియా విషయములో నిట్టిదే కనిపెట్టియుండిరి. క్రిములు పెరిగిన రసమును మెరుగు పూయని పింగాణి గొట్టముగుండ వడపోసిరి. క్రిములు పైననే నిలిచిపోయినవి. క్రిందికి దిగిన తేటనీరు ఎక్కించిన జంతువులు మాత్రము చచ్చినవి. మన దేశములో వాంతిభేది విషయమునను ఇదియే కథ. దాని క్రిమి ప్రేగుయొక్క గోడను దాటదు. లోపల కూర్చుండి విషమును వదలును. ఆ విషము ప్రేగుచేత ఒంటిలోని నీటిని బయటికి తోడించును. దీనిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేటి ప్రేగుతో రుజువుచేసెను. ఆయన పనిని దేశము ఆలస్యముగా గుర్తించినదని చెప్పక తప్పదు. వాంతిభేదిలో చంపునది నీటిలోటు. కనుకనే ఉప్పు, చక్కెర కలిపిన నీరు ఆ రోగిని బ్రతికించుచున్నది. ధనుర్వాతములో అట్టి సులభోపాయము లేదు. కారణము క్రింద చెప్పెదను.

ములుకోలయు పగ్గమును

గాయములో పుట్టిన విషము రక్తముతో గలసి దేహమంతట తిరుగును. తిరుగుచు నరముల కొనలను బట్టికొనును. అక్కడనుండి నరము లోపలి దారిని, కొననుండి మొదటికి, వెన్నుపాము వైపునకు ప్రాకిపోవును. పొట్టినరము దారి త్వరగా తీరును. పొడుగునరము దారి ఆలస్యముగా తీరును. దవడయొక్క నరము పొట్టిది, కాలినరము పొడుగుది. కనుకనే గాయము కాలిలోనున్నను బిగింపు దవడలో మొదలగును. వేలయేండ్ల ప్రశ్నకు జవాబు ఇంతే.

అక్కడికి చేరి యది చేయు పనియేమి? కాడికి కట్టిన యెద్దును నడపుటకు రెండు సాధనములు వలయును: తోలుటకు ములుకోల, నిలుపుటకు పగ్గము. మన కండరములకును వెన్నుపామునుండి ఇట్టి రెండు విధములైన యాజ్ఞలు వచ్చుచుండును. చేతిని ముడుచునపుడు ముందువైపు కండరము బిగియవలయును, వెనుకవైపుది సడలవలయును. ఒకదానికి ములుకోల, రెండవదానికి పగ్గము. ధనుర్వాతవిషము ములుకోలను ముట్టదు. పగ్గమును తెంపును. అప్పుడు కండరములన్నియు ఒక్కమారే, పూర్తిబలముతో, ఒకదానికొకటి ఎదురుగా లాగుకొనును. ఎముకలు విరుగునంతటి లాగుడది. ఊపిరి పీల్చు కండరములు కూడ అట్లే బిగిసినపుడు మనిషి చచ్చును.

ఆ తెంపుట యెట్లో 1992లో ఇటలీలోని పాడువా పండితులు తేల్చిరి. ఒక నరము తన యాజ్ఞను తరువాతి నరమునకు రసాయనపు పొట్లములుగా అందించును. పొట్లమును నరము చివరకు బిగించి విప్పు సన్నని మాంసకృత్తి యొకటి కలదు. దానికి సినాప్టోబ్రెవిన్ అని పేరు. ధనుర్వాతవిషము కత్తెరవలె దానిని కత్తిరించును. పొట్లము విప్పబడదు, ఆజ్ఞ చేరదు. చిత్రమేమనగా, నిలువచేసిన పాడుడబ్బాల ఆహారములో పుట్టు బొటులినమ్ విషములలో నొకటి ఇదే పోగును, ఇదేచోట కత్తిరించును. అయితే యది పగ్గమును గాక ములుకోలను పట్టించుకొనును. కనుక ఆ రోగిలో కండరములు బిగియుటకు మారుగా తోటకూర కాడవలె వాలిపోవును. కత్తెర యొక్కటే, రోగములు రెండు.

ఒకమారు విషము నరములోనికి దూరినదా, దానిని బయటికి లాగు మందు నేటివరకు లేదు. విరుగుడు సూది రక్తములో నింకను తిరుగుచున్న విషమును మాత్రమే పట్టుకొనగలదు. తెగినచోట నరము క్రొత్తకొనలు వేయువరకు, వారములు, కొన్నిమార్లు నెలలు, రోగిని యంత్రముచేత ఊపిరి పీల్పించుచు, చీకటిగదిలో, చప్పుడు లేకుండ కాపాడవలసినదే. పెద్ద ఆసుపత్రులలో ఇది సాధ్యమగుచున్నది, కాని ఆ యిల్లాలి పుస్తెలు సయితము అందులకు చాలకపోవచ్చును.

ఇంతపని చేయుటకు ఎంత విషము వలయును? మనిషి తూకములో కిలో యొకటికి ఒక గ్రాములో నూరుకోట్లవ వంతుకు రెండున్నర రెట్లు చాలునని లెక్క. ఒక్క బియ్యపుగింజ యెత్తు విషమున్నచో లక్షమందిని చంపవచ్చునన్నమాట. ఈ లెక్క భయపెట్టుటకు చెప్పలేదు. దీనిలో నొక ముఖ్యసంగతి దాగియున్నది. దానికి చివర వత్తును.

విత్తనము వంటి క్రిమి

ఈ క్రిమి రైతునకే యెక్కువగా ఎదురగుటకు కారణము దాని జీవనవిధానమే. గుర్రములు, ఆవులు, గొర్రెలు మొదలగు జంతువుల ప్రేగులలో నది హాని చేయక కాపురముండును. పేడతో బయటపడి, పెంటదిబ్బనుండి పొలమునకు చేరును. బయట గాలి తగులగానే దేహమును ముడుచుకొని, గట్టిపెంకులో దాగి విత్తనము వలె మారును. దానిని సిద్ధబీజమందురు. ఎండకు మాడదు, వానకు కుళ్లదు. సంవత్సరములకొలది మట్టిలో పడియుండును. కాగుచున్న నీటిలో కొంతసేపు ఉంచినను చావదు. ఆసుపత్రులలో ఆవిరియంత్రమునందు 121 డిగ్రీల వేడిలో పావుగంట ఉంచినగాని అది చచ్చినదని నమ్మరు. కావున పెంటయెరువు వేసిన పొలములో నీ విత్తనము లేదని యెవరును ప్రమాణము చేయజాలరు. అందుకని పెంటయెరువును మానవలెనని నా తాత్పర్యము కాదు. ఎరువు మానిన రైతు బ్రతుకెట్లు?

విత్తనము మొలచుటకు పదును కావలయును గదా. దీనికి కావలసిన పదును గాలిలేమి. పైపైన గీరుకొన్న గాయములో గాలి యాడుచుండును, రక్తము పారుచుండును; అచ్చట నిది మొలవదు. లోతుగా దిగిన ముల్లు, మేకు, పంగలకర్ర పోటు, నలిగి చచ్చిన కండ, లోపల మిగిలిన మట్టిబెడ్డ లేక కొయ్యపేడు, ఇవి దానికి తగిన మడి. పైన చిన్నబెజ్జము మూసికొనిపోవును, లోపల గాలియాడదు. చూచుటకు పెద్దగాయమే పెద్దయపాయమని తలచువారు మోసపోవుదురు.

తుప్పుపట్టిన యినుము గ్రుచ్చుకొన్ననే ధనుర్వాతము వచ్చునని మనవారి నమ్మిక. తుప్పులో నే విషమును లేదు. పాతమేకు చాలకాలము మట్టిలో పడియుండుటచేతను, లోతుగా దిగుటచేతను దానికా చెడ్డపేరు వచ్చినది. తళతళలాడు క్రొత్తకర్రు మట్టిలో దున్నిన పిమ్మట కాలిని చీల్చిన, అపాయమేమియు తక్కువకాదు.

“మా తాత గాయముమీద మట్టియే యద్దెను, ఎనుబదియేండ్లు బ్రతికెను” అని చెప్పు పెద్దలు ప్రతిగ్రామమునను గలరు. వారిమాట అబద్ధము కాదు. విత్తనమున్నను పదును కుదిరినగాని మొలవదు. కాని కళ్లములో నిప్పు చల్లుకొనుచు, నిరుడు తగులబడలేదు గదా యని చెప్పు రైతును మనము తెలివిగలవాడనుచున్నామా?

ముల్కోవాల్ గ్రామపు కథ

ఈ క్రిమి యెంత సులభముగా చేతికి చిక్కక తప్పించుకొనునో తెలుపు సంగతి మన దేశములోనే జరిగినది. ప్లేగు మహామారి దేశమును పాడుచేయుచున్న కాలమది. ఒడెస్సాలో బుట్టిన హాఫ్కిన్ పండితుడు బొంబాయిలో ప్లేగునకు టీకా తయారుచేసి, 1897 జనవరిలో మొట్టమొదట తనకే వేసికొని పరీక్షించెను. లక్షలకొలదిగా అది దేశమునకు పంపబడెను. 1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని ముల్కోవాల్ అను గ్రామములో 107 మందికి ఆ టీకా వేసిరి. కొలది దినములకు వారిలో 19 మందికి ధనుర్వాతము వచ్చెను. పందొమ్మండుగురును మరణించిరి. ఆ పందొమ్మండుగురును ఒక్క సీసాలోని మందే వేయించుకొన్నవారు.

నింద హాఫ్కిన్‌మీద పడెను. అతని ప్రయోగశాలలోనే సీసా చెడినదని విచారణ జరిపినవారు తీర్పు చెప్పిరి. అతడు పదవి పోగొట్టుకొని దేశము విడిచిపోయెను. తరువాత సాక్ష్యమును జాగ్రత్తగా చదివినవారికి వేరొక సంగతి కనబడెను. ఆనాడు గ్రామములో సీసా మూత తీయుచున్నపుడు సహాయకుని చేతిలోని పట్టుకారు నేలపై పడినది. దానిని సరిగా శుద్ధిచేయక మరల వాడినారు. అదిగాక, సీసా తెరచిన వైద్యుడు దానిని వాసన చూచి యుండెను. చెడువాసన యేదియు రాలేదు. ధనుర్వాతపు క్రిమి సీసాలో వారములతరబడి పెరిగియుండిన దుర్వాసన రాక మానదు. సీసా చెడినది బొంబాయిలో గాదు, ముల్కోవాల్ నేలమీదనే యని వారు వాదించిరి. మలేరియా దోమను కనిపెట్టిన రొనాల్డ్ రాస్ మొదలగువారు 1907లో లండను టైమ్సు పత్రికలో వ్రాసి అతని పక్షము వాదించిరి. ఆ యేడే హాఫ్కిన్ నిర్దోషి యని తేలెను. అతని పేరనే నేడు బొంబాయిలో హాఫ్కిన్ సంస్థ నడచుచున్నది. పంజాబు గ్రామస్థుల పందొమ్మిది ప్రాణములును, ఒక పండితుని మానమును, నేలను తాకిన యొక పట్టుకారు తీసికొన్నది.

విషమునకు విషమే విరుగుడు

1890 డిసెంబరులో కిటసాటోయు, బేరింగ్ అను జర్మను పండితుడును కలసి, కొంచెము కొంచెముగా విషమునకలవాటు చేయబడిన జంతువు రక్తరసములో ఆ విషమును చంపు గుణము పుట్టుచున్నదని ప్రకటించిరి. ఆ రసమును గుర్రములనుండి తీసి మనుష్యులకెక్కించుట క్రమముగా వాడుకలోనికి వచ్చెను. ఇది అప్పటికప్పుడు పనికివచ్చు నెరవు బలము. కొన్ని వారములలో కరగిపోవును. సొంతబలము రావలెనన్న మన దేహమే దానిని తయారుచేసికొనవలెను. విషమును దేహములోనికి పంపక, దేహమునకు విషమును పరిచయముచేయుట యెట్లు? పారిసులోని పాస్త్యూరు సంస్థకు చెందిన రామోఁ విషమును ఫార్మలిన్‌తోను, గోరువెచ్చని వేడితోను కొంతకాలముంచినచో, కోరలు తీసిన పామువలె రూపము మిగిలి హాని పోవునని చూపెను. దానికి టాక్సాయిడ్ అని పేరు. 1924లో దెకోంబే ధనుర్వాతమునకు దానిని సిద్ధపరచెను. నేడు మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో సూదిద్వారా ఇచ్చునది ఇదియే.

దాని బలమెంత? రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైనికులందరకు ముందుగనే ఈ టీకా వేసిరి. గాయములతోను దెబ్బలతోను ఆసుపత్రులలో చేరినవారి సంఖ్య 27 లక్షలకు మించినది. వారిలో ధనుర్వాతము వచ్చినవారు 12 మంది.

మన యిండ్లలో ఇంతకంటె గొప్ప విజయము జరిగినది గాని దానికి బాజాలు మ్రోగలేదు. ఒకప్పుడు మంత్రసాని చేతికందిన కొడవలితోనో పాతబ్లేడుతోనో బొడ్డు కోసి, కోసినచోట బూడిదయో పేడయో యద్దెడి యాచారము చాలప్రాంతములందుండెను. పుట్టి మూడునాళ్లు చక్కగా పాలు త్రాగిన బిడ్డ, వారమునాటికి రొమ్ము పట్టలేక, ముట్టుకొన్నంతనే బిగిసి, చచ్చిపోయెడిది. దెయ్యము పట్టినదనిరి, దృష్టి తగిలినదనిరి. బొడ్డుద్వారా పోయినది ఈ క్రిమియే. గర్భిణికి టీకా వేసినచో ఆమె రక్తములోని రక్షణ మాయద్వారా బిడ్డకును చేరును. బిడ్డ రక్షణతోనే పుట్టును. ఈ పనియు, శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారము మొదలగు జాగ్రత్తలును, ఆసుపత్రి కాన్పులును కలసి ఆ మరణములను తుడిచివేసినవి. భారతదేశములో ఆంధ్రప్రదేశము, అప్పటికి తెలంగాణముతో కూడియున్నది, 2003లో ఈ విజయమును మొట్టమొదట పరీక్షకు నిలిపి నెగ్గినది. దేశమంతటికిని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ గుర్తింపునిచ్చినది. అనగా ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒక్కకేసు కంటె తక్కువయని యర్థము. క్రిమి పోయెనని కాదు. మట్టి యున్నంతకాల మదియు నుండును.

మన సభ్యులకు కావలసిన సంగతులు

సహకారసంఘపు పత్రికలో వ్రాయుచు ఈ మాట చెప్పుట వింతగానే యున్నది గాని, ఈ యొక్క విషయములో సహకారము పనికిరాదు. మశూచికము, తట్టు వంటి రోగములు మనిషినుండి మనిషికి సోకునవి. ఊరిలో పదిమంది టీకా వేసికొన్నచో పదునొకండవవానికి కొంత కాపుదల కలుగును. ధనుర్వాతము మనిషినుండి మనిషికి రాదు, మట్టినుండి వచ్చును. ఊరందరును వేయించుకొన్నను, వేయించుకొననివాని కాలిలో ముల్లు వాని ముల్లే.

పిల్లలకు పుట్టిన ఆరవ, పదవ, పదునాలుగవ వారములలోను, పిదప ఒకటిన్నర రెండేండ్ల ప్రాయమునను, ఐదారేండ్లకును, పదియేండ్లకును, పదునాఱేండ్లకును టీకాలున్నవి. స్త్రీలకు కాన్పులనాడు వేయుచున్నారు. విడువబడినవారు మగవారు, అందును పెద్దవారు. దేశవ్యాప్తమైన టీకా కార్యక్రమము 1985లో మొదలైనది. అంతకుముందు పుట్టి, సైన్యములో చేరక, ఆసుపత్రి ముఖము చూడక, నలుబదియేండ్లుగా నాగలి పట్టుచున్న రైతునకు ఈ టీకా ఒక్కటియు పడకపోయియుండుట సంభవమే. “దెబ్బ తగిలినపుడు సూది వేసికొంటిని” అనువారు కలరు. ఒక్కసూది పునాది కాదు. ఎన్నడును వేసికొననివాడు మొదటిది వేసికొని, నాలుగువారములు దాటిన పిమ్మట రెండవది, ఆ మీద ఆరునుండి పండ్రెండు మాసములలో మూడవది వేసికొనవలెను. అటుపిమ్మట పదియేండ్లకొకటి. విత్తనములు, ఎరువులు పంచుటకై సభ్యులందరు సంఘపు గిడ్డంగికి వచ్చు దినమున ఆరోగ్యకేంద్రపు నర్సమ్మగారిని పిలిపించుకొనుట కార్యవర్గములకు కష్టమైన పని కాదు. అప్పువాయిదా తేదీని పుస్తకములో వ్రాసికొన్నట్లే సూది తేదీని కూడ వ్రాసికొనిన, పదియేండ్ల తరువాత వెదుకుకొనబనిలేదు.

గాయమైనపుడు ముందుగా పారు నీటితోను, సబ్బుతోను చాలసేపు కడుగుడు. ముల్లు, మట్టి, పేడు లోపల మిగులనీయకుడు. రానిచో పెరుకుటకు పెనుగులాడక వైద్యునియొద్దకు పొండు. పేడ, మట్టి, సున్నము, కాఫీపొడి, పొగాకు, కిరోసిను ఏదియు పెట్టకుడు. బెజ్జమును బిగించి మూయకుడు. లోతైన లేక మురికిపట్టిన గాయమైనచో, చివరిసూది వేసికొని యైదేండ్లు దాటినవాడు మరియొకటి వేసికొనవలెను. ఎన్నడును టీకాలు పూర్తిగా పడనివాడు ఆ సంగతి వైద్యునితో స్పష్టముగా చెప్పవలెను. వానికి టీకాతోబాటు నెరవుబలపు సూది కూడ అవసరము. టీకా ఫలించుటకు కొన్ని దినములు పట్టును. ఆ నడుమ కాపు కాయునది ఆ రెండవసూదియే.

పశువులకును ఈ రోగము కలదు. ముకుతాడు కుట్టినపుడు, వృషణములు నొక్కించినపుడు లేక కోసినపుడు, నాడాలు కొట్టినపుడు మురికిపనిముట్టు వాడుట మంచిది కాదు. జంతువులలో గుర్రము దీనికి త్వరగా లొంగును. కోడి దాదాపు లొంగనే లొంగదు.

బియ్యపుగింజ లెక్కకు మరల వత్తును. ధనుర్వాతము వచ్చి బ్రతికినవానికి ఇక నా రోగము రాదని మన గ్రామములలో ననుకొందురు; తట్టు వచ్చినవానికి మరల తట్టు రాదు గదా. ఇక్కడ అట్లు కాదు. మనిషిని చంపజాలిన విషము యెంత స్వల్పమనగా, దేహము దానిని గుర్తించి విరుగుడు తయారుచేసికొనుటకు చాలనంత స్వల్పము. కావున ఆసుపత్రినుండి బ్రతికి యింటికి వచ్చినవాడు సయితము, మరల పార చేతబట్టుటకు ముందు, ఏనాడును టీకా వేసికొననివాని వలెనే మొదటినుండి మూడు సూదులును వేసికొనవలెను.